కూర్చున్న గంటలు

నేను రిటైరైన శాఖలో కొత్తగా చేరిన ఒకమ్మాయి పోయిన నెల రాజమండ్రిలో మా ఇంటికి వచ్చింది. ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్ ఉద్యోగం. ట్రైనింగ్ ఇంకా పూర్తి కాలేదు. వారానికి పని గంటలు తగ్గించాలని, ఆపైన చేసిన పనికి ఓవర్‌టైమ్ ఇంకా ఎక్కువమందికి దక్కాలని వస్తున్న ప్రతిపాదనల గురించి పేపర్లో పడ్డవన్నీ ఫోన్లో దాచుకుంది. "సార్, ఇవి చట్టమైతే మన పని తేలికవుతుందా, కష్టమవుతుందా?" అని అడిగింది.

ముందు కాఫీ తాగమన్నాను. నిజం చెప్పాలంటే నాకు వెంటనే జవాబు తట్టలేదు. ఆ అమ్మాయి వెళ్లిపోయాక తట్టింది. అది ఫోన్ చేసి రెండు ముక్కల్లో చెప్పే జవాబు కాదు గనక రాస్తున్నాను.

నాకు ఏ ప్రమోషన్ ఎప్పుడొచ్చిందో, ఏ ఫారం ఎన్ని కాపీలు పంపాలో ఇందులో ఉండవు. ఆ సంగతులు చెప్పడానికి ఆఫీసులో సూపరింటెండెంట్లు ఉన్నారు, వాళ్లకి అదో సరదా కూడా. నేను చెప్పేది ఒక ఆఫీసరు గురించి, ఒక ఫ్యాక్టరీ గురించి, నేను చేసిన ఒక తప్పు గురించి.

చెప్పుల లెక్క

నా మొదటి ఆఫీసరు మూర్తిగారు. కోనసీమ మనిషి. సన్నగా ఉండేవారు. ఆకాశంలో మబ్బు లేకపోయినా చంకలో గొడుగు ఉండాల్సిందే. ఆయన వెంట నేను వెళ్లిన మొదటి తనిఖీ ఒక రొయ్యల ఫ్యాక్టరీలో. గేటు దగ్గరే మేనేజరు ఎదురొచ్చి, "రండి సార్, ఏసీ రూములో కూర్చుందాం, కొబ్బరి బొండాలు కొట్టిస్తున్నా" అన్నాడు. మూర్తిగారు ఆ రూము వైపు తిరిగి కూడా చూడలేదు. తిన్నగా రొయ్యలు వొలిచే హాలు గుమ్మం దగ్గరికి వెళ్లి నిలబడ్డారు.

హాల్లోకి వెళ్లే ఆడవాళ్లు తమ చెప్పులు బయట విడిచి, ఫ్యాక్టరీ వాళ్లిచ్చే రబ్బరు బూట్లు తొడుక్కోవాలి. శుభ్రత కోసం పెట్టిన పద్ధతి అది. విడిచిన చెప్పులన్నీ గోడవారగా ఉన్నాయి.

"లెక్కపెట్టవయ్యా" అన్నారు మూర్తిగారు.

ఇంజనీరింగ్ చదివొచ్చింది చెప్పులు లెక్కపెట్టడానికా అని నాకు లోపల ఉడికిపోయింది. అయినా లెక్కపెట్టాను. వంద జతలకు పైనే తేలాయి. రిజిస్టర్లో అరవైమంది పేర్లున్నాయి. హాల్లో ఉన్నదీ అరవైమందే.

"అవి పాత చెప్పులు సార్. వదిలేసి వెళ్లిపోతుంటారు" అన్నాడు మేనేజరు, నీళ్లు నములుతూ.

"ఓహో. ఇంటికి ఉత్త కాళ్లతో పోతారన్నమాట. ఏం, అందరూ కలిసి మొక్కుకున్నారా?" అన్నారు మూర్తిగారు.

మిగతావాళ్లు ఐసు ప్లాంటు వెనక, ఫ్యాక్టరీ బూట్లతోనే నిలబడి ఉన్నారు. మా జీపు మలుపు తిరగగానే వాళ్లని వెనక గుమ్మంలోంచి పంపేశారట. మేము రావడం వల్లే ఎండలో నిలబడాల్సి వచ్చిందని వాళ్లు మమ్మల్నే తిట్టుకుంటున్నారు. ఇది కూడా గుర్తుపెట్టుకోండి. ఇన్‌స్పెక్టర్ని చూడగానే కార్మికులు సంబరపడిపోతారని ట్రైనింగులో చెబుతారు. నమ్మకండి. మనం వెళ్లిన రోజు వాళ్లకి పని చెడుతుంది, అంతే.

ఆ రోజు నుంచి నేను ఎక్కడికి వెళ్లినా ముందు గుమ్మం దగ్గర చెప్పులే చూసేవాణ్ణి. మూడు నాలుగేళ్లు గడిచేసరికి నాకు ఈ ఉద్యోగంలో తెలియనిదేమీ లేదన్న ధీమా వచ్చేసింది. తప్పు చేసింది ఆ తర్వాతే.

వొలిచిన గంటలాండి?

భీమవరం వైపు ఒక ఫ్యాక్టరీ. పేరు చెప్పను. వొలిచేవాళ్లు నూట యాభైమంది దాకా ఉండేవారు, అందరూ ఆడవాళ్లే. చాలామంది మొగల్తూరు అవతల, సముద్రం వైపు ఊళ్ల నుంచి వచ్చే మత్స్యకార కుటుంబాల వాళ్లు. తెల్లవారుజామున నాలుగున్నరకి, కూలీలను కుదిర్చి తెచ్చే మేస్త్రి వ్యాను వాళ్లని ఎక్కించుకుని బయల్దేరేది. ఆరింటికల్లా ఫ్యాక్టరీలో దింపేది.

అక్కడి పని తెలియని వాళ్ల కోసం రెండు మాటలు. వొలిచేవాళ్లు ఆరింటికి వస్తారు గానీ, రొయ్యలు ఆరింటికి రావు. చెరువులో పట్టుబడి ఎప్పుడవుతుందో, రైతుకి రేటు ఎప్పుడు కుదురుతుందో, ఐసు వేసి లారీ ఎప్పుడు బయల్దేరుతుందో ఎవరికీ తెలియదు. ఒకరోజు ఏడింటికి వస్తుంది, ఇంకోరోజు మధ్యాహ్నం ఒంటిగంటకి వస్తుంది. వచ్చాక మాత్రం ఆఖరి ట్రే ఖాళీ అయ్యేదాకా లేవడానికి లేదు. రొయ్య పాడైపోతుంది. కూలి కిలోకింత. లారీ వచ్చేదాకా అరుగు మీద కూర్చోవాలి. ఆ కూర్చున్న గంటలు యాజమాన్యం లెక్కలో లేవు, రిజిస్టర్లో లేవు. విచిత్రం ఏమిటంటే, ఆ ఆడవాళ్లు కూడా వాటిని పనిగా అనుకునేవారు కాదు.

అప్పటి చట్టం ప్రకారం రోజుకు తొమ్మిది గంటలు, వారానికి నలభై ఎనిమిది. మధ్యలో విరామాలు కలుపుకున్నా పొద్దున మొదలైన దగ్గర్నుంచి వదిలేదాకా పదిన్నర గంటలు దాటకూడదు. ఎక్కువ చేయిస్తే ఆ గంటలకి రెట్టింపు కూలి. ఇవన్నీ నాకు కంఠస్థం. చెప్పులు లెక్కపెట్టాను, సరిపోయాయి. రిజిస్టరు చూశాను, శుభ్రంగా ఉంది. వెళ్లిపోతూ హాల్లో నిలబడి మొక్కుబడిగా అడిగాను.

"రోజుకు ఎన్ని గంటలు చేస్తారమ్మా?"

"ఎనిమిదండీ" అన్నారు అందరూ ఒక్కసారిగా, బళ్లో ఎక్కం అప్పజెప్పినట్టు.

చివరి బల్ల దగ్గర ఒకావిడ తల ఎత్తకుండా, చేతిలో రొయ్య వదలకుండా అంది. "మీరడిగేది వొలిచిన గంటలాండి, కూకున్న గంటలాండి?"

అన్నేళ్ల ఉద్యోగంలో నేను ఆ ప్రశ్న వేసుకోలేదు.

ఆవిడ పేరు నూకరత్నం. ముప్పై ఏళ్లుంటాయేమో. "రెండూ చెప్పమ్మా" అన్నాను.

"వొలిచినవైతే ఏడో ఎనిమిదో అండి. వ్యానెక్కిన కాడ్నుంచి దిగేదాకా అయితే పదిహేనండి. పదకొండింటి దాకా అరుగుమీదే కూకుంటాం. కునుకు తీస్తే మేస్త్రి ఊరుకోడు. అలా బయటికెళ్లొస్తామంటే గేటు తియ్యరు. ఇంటికెళ్లాక ఏం చేశావని మా ఆయనడిగితే ఏం చెప్పాలో తెలీదండి. ఏమీ చెయ్యలేదు, పొద్దు మాత్రం పోయిందంటాను."

పక్కనున్నావిడ మోచేత్తో పొడిచింది. "నీకెందుకే, నోర్ముయ్" అని, నా వైపు తిరిగి, "గంటలు తగ్గిస్తే మా కిలోలు తగ్గుతాయి గదండీ? మా కడుపు కొట్టకండి బాబూ" అంది.

నూకరత్నాన్ని పక్కకి పిలిచి, కూర్చోబెట్టిన గంటలూ పని గంటలే అని, అది రాతలో ఉంటేనే నేను ఏదైనా చెయ్యగలనని చెప్పాను. వాంగ్మూలం ఇస్తావా అని అడిగాను. ఆవిడ చేతులు కొంగుకి తుడుచుకుంది.

"సంతకం వచ్చండి, పెడతాను. కానీ బాబూ, రేప్పొద్దున్న నా వ్యాను ఆగదేమోనండి. మా ఆయన పడవలో జారిపడి నడుం పట్టేసింది. రెండేళ్లయింది సముద్రం మీద యాటకెళ్లి. పిల్లలింకా చిన్నోళ్లు. ఈ పని పోతే మా ఇంట్లో ఇంకోటి లేదండి."

వ్యాను మాట నేను సరిగ్గా పట్టించుకోలేదు. ఏదో రాకపోకల ఇబ్బంది చెబుతోంది అనుకున్నాను. "చట్టం ఉందమ్మా. నేనున్నాను. నీ పనికి నాది పూచీ" అన్నాను.

ఎంత తేలిగ్గా అన్నానో ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. ఆవిడ ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ సంతకం పెట్టింది. సూపర్‌వైజరు పది అడుగుల దూరంలోనే ఉన్నాడు. ఉంటే ఏం, చట్టం నా వైపు ఉంది కదా అనుకున్నాను.

ఆధారం కావాలి కదా

ఫ్యాక్టరీకి పంపే నోటీసులో "కార్మికులు చెప్పిన ప్రకారం" అని రాసి ఊరుకోవచ్చు. నేను అలా రాయలేదు. నూకరత్నం పేరు, భర్త పేరు, ఊరు అన్నీ రాసి, వాంగ్మూలం కాపీ జత చేసి పంపాను. పేరున్న సాక్ష్యం కోర్టులో నిలబడుతుంది. అది నిజమే. కానీ అదొక్కటే కారణం అంటే అబద్ధం చెప్పినట్టే. కేసు గట్టిగా ఉండాలి, కొట్టెయ్యడానికి వీల్లేకుండా ఉండాలి, జిల్లాలో నా పేరు చెప్పుకోవాలి. అదీ నా ఆరాటం.

మూర్తిగారు అప్పుడు సెలవులో ఉన్నారు. ఆయన ఉండి ఉంటే ఆ కాగితం బయటికి వెళ్లేది కాదు.

యాజమాన్యం నెల తిరక్కుండానే దిగొచ్చింది. అరుగు మీద కూర్చోబెట్టిన సమయాన్ని పని గంటల్లో కలుపుతామని, పరిమితి దాటితే రెట్టింపు ఇస్తామని, సరుకు రాని గంటలకి రోజు కూలి లెక్కన కడతామని రాసిచ్చింది. కిలో కూలి మనుషులకి అలా ఇప్పించడం మా జిల్లాలో అంతకుముందు నేను వినలేదు. తోటి ఇన్‌స్పెక్టర్లు ఫోన్ చేసి ఎలా చేశావని అడిగారు. నేను గాల్లో తేలిపోయాను.

సెలవు నుంచి వచ్చిన మూర్తిగారు ఫైలు మొత్తం చదివారు. మెచ్చుకుంటారని ఎదురుగా నిలబడ్డాను.

"ఈ పేరెందుకు రాశావయ్యా?"

"ఆధారం కావాలి కదండీ."

"ఆధారం నీకు కావాలి. ఆవిడకేం కావాలో అడిగావా?"

అడగకుండానే చెప్పింది. నేనే వినలేదు. ఆయన ఫైలు మూసి, "ఒకసారి వెళ్లి చూసిరా" అన్నారు.

వ్యాను

ఫ్యాక్టరీకి వెళ్తే అంతా సవ్యంగానే ఉంది. అరుగు మీద ఫ్యాన్లు పెట్టారు. ఎన్నింటికి వచ్చారో, ఎన్నింటికి వెళ్లారో రాస్తున్నారు. గంటలు తగ్గిస్తే కిలోలు తగ్గుతాయన్న ఆవిడే ఎదురొచ్చి, "మీ పుణ్యమాని కూకున్నదానికీ డబ్బులొస్తున్నాయండి" అంది. చివరి బల్ల దగ్గర మాత్రం వేరే మనిషి ఉంది.

నూకరత్నం ఏదని అడిగితే మేనేజరు రిజిస్టరు తీసి చూపించాడు. పేరు ఉంది. పక్కన వరసగా ఆబ్సెంటు. "మేం తియ్యలేదు సార్. ఆవిడే రావట్లేదు. రమ్మనండి, ఎవరొద్దన్నారు?" అన్నాడు. మొహంలో ఎక్కడా తడబాటు లేదు.

అటునుంచి అటే నూకరత్నం ఊరు వెళ్లాను. ఇంటి వెనక చేపలు ఎండబెడుతోంది. భర్త మంచం మీద నుంచే దణ్ణం పెట్టాడు.

"పనికి ఎందుకు రావట్లేదమ్మా?"

"నేనెందుకు రానండి? రోజూ వచ్చాను. రోడ్డు దాకా. వ్యానే ఆగట్లేదండి."

మొదటిరోజు చీకట్లో డ్రైవరు చూసుకోలేదేమో అనుకుందట. రెండోరోజు టార్చిలైటు పట్టుకుని నిలబడింది. మూడోరోజు చెయ్యి ఊపి కేకేసింది. వ్యాను నడిపేది ఆవిడ పెదనాన్న కొడుకే, వరసకి తమ్ముడు.

"నన్ను చూసి మొహం అటు తిప్పుకున్నాడండి. పదకొండు రోజులు నిలబడి ఇంక మానేశాను. వాణ్ణేం అనకండి బాబూ. వాడికీ ఆ బండే గదండీ తిండి."

అప్పుడు అర్థమైంది నాకు, ఆ రోజు ఆవిడ ఏం చెప్పిందో. ఆ ఊళ్లలో పనిలోంచి తియ్యడానికి కాగితం అక్కర్లేదు, కబురూ అక్కర్లేదు. వ్యాను ఆగదు, అంతే. ఆ వేళకి బస్సు లేదు. వ్యాను మేస్త్రిది, ఫ్యాక్టరీది కాదు. మేస్త్రిని అడిగితే, "సీట్లు నిండిపోతే ఎక్కడ ఆపమంటారండి?" అన్నాడు. ఫ్యాక్టరీకి మళ్లీ నోటీసు ఇచ్చాను. ఆమెను మేము తొలగించలేదు, ఎప్పుడొచ్చినా పని ఇస్తాము అని జవాబొచ్చింది. ఒక్క అక్షరం అబద్ధం లేదు అందులో. నా చట్టం పుస్తకం మొదటి నుంచి చివరిదాకా తిరగేశాను. రోడ్డు మీద వ్యాను ఆపాలని ఎక్కడా లేదు.

తర్వాత నేను చేసిన పని ఏ రూల్సులోనూ లేదు. నరసాపురంలో మకాం పెట్టి, తెల్లవారుజామున వెళ్లి ఆవిడ పక్కన రోడ్డు మీద నిలబడ్డాను. వ్యాను ఆగింది. ముందు సీట్లోంచి మేస్త్రి తల బయటపెట్టి, "ఏమే రత్నం, ఇన్నాళ్లూ ఏమైపోయావే?" అన్నాడు నవ్వుతూ. ఆవిడ ఎక్కింది. లోపలున్న ఆడవాళ్లు తలలు వంచుకునే సర్దుకుని చోటిచ్చారు. మర్నాడూ నిలబడ్డాను, ఆగింది. మూడోరోజూ ఆగింది. నాలుగోరోజు ఏలూరులో కోర్టు పని, వెళ్లక తప్పలేదు. ఆ రోజు ఆగలేదు.

మళ్లీ వెళ్తే ఆవిడే అంది. "మీరెన్నాళ్లని వస్తారండి? మీకూ ఇల్లుంది, ఉద్యోగం ఉంది. వదిలెయ్యండి బాబూ."

కోపంగా అనలేదు. నన్ను ఓదారుస్తున్నట్టు అంది. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది. పూచీ అని నోటితో అన్నవాణ్ణి నేను.

తర్వాత ఆవిడ పక్క ఊళ్లో రేకుల షెడ్డులో వొలవడానికి కుదిరింది. పదిమంది లోపు పనిచేసే చోటు గనక మా చట్టం అక్కడిదాకా వెళ్లదు. రిజిస్టరు లేదు, గంటల లెక్క లేదు. కూలి ఫ్యాక్టరీలో ఇచ్చేదానికంటే బాగా తక్కువ. నూట యాభైమందికి కూర్చున్న గంటల డబ్బు ఇప్పించిన మనిషి, ఆ డబ్బు తను తీసుకుంది మూడు రోజులదే.

ఆ అమ్మాయి ప్రశ్నకి

గంటలు తగ్గించే చట్టం వస్తే నాకు సంతోషమే. పని ఎక్కువ చేస్తేనే దేశం బాగుపడుతుందని ఉపన్యాసాలు చెప్పేవాళ్లని ఒక్క వారం ఆ అరుగు మీద కూర్చోబెట్టాలని నా కోరిక. గేటు తాళం నేనే వేస్తాను. ఓవర్‌టైమ్ ఎక్కువమందికి ఇస్తామన్నా మంచిదే. కానీ కిలో లెక్కన, ముక్క లెక్కన, ట్రిప్పు లెక్కన పనిచేసేవాళ్లకి గంట ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో రాయకపోతే ఆ చట్టం ఆఫీసుల్లో కుర్చీలున్నవాళ్లకే పనికొస్తుంది. ఇప్పుడు ఇంటింటికీ పార్సిళ్లు తెచ్చే కుర్రాళ్లు ఫోను చూసుకుంటూ చెట్టుకింద కూర్చుంటున్నారు చూడండి, వాళ్లదీ అదే బాధ. రేటు పెంచకుండా గంటలు మాత్రం కోస్తే వాళ్ల కడుపు కొట్టినట్టే, ఆ రోజు నూకరత్నం పక్కనున్నావిడ అన్న మాట అక్షరాలా నిజం.

అమ్మాయీ, మీ పని తేలికవదు. చట్టం ఎంత బాగున్నా, జరుగుతున్నది ఎవరో ఒకరు నోరు తెరిచి చెప్పాలి. చెప్పిన మనిషి మర్నాడు పనికెలా వెళ్తుందో ఆ చట్టంలో ఉండదు. అది మీరు చూసుకోవాలి. నేను ఆ తర్వాత ఒకే ఒక్కరి దగ్గర వాంగ్మూలం ఎప్పుడూ తీసుకోలేదు. తీసుకుంటే నలభైమంది దగ్గర, సెలవురోజు వాళ్ల ఊళ్లలో, ఒక్కరి పేరూ నోటీసులోకి ఎక్కకుండా తీసుకున్నాను. కొన్ని కేసులు దానివల్ల కోర్టులో వీగిపోయాయి. పోతే పోయాయి. పై ఆఫీసర్లు నన్ను చేతకానివాడన్నారు. ఆ మాట నాకు పెద్దగా గుచ్చుకోలేదు.

ఇదంతా రాసే ముందు నూకరత్నాన్ని అడగడం ధర్మం అనిపించి పోయినవారం వెళ్లాను. ముప్పై ఏళ్ల తర్వాత కూడా చూడగానే పోల్చుకుంది. "బాబుగారేంటండి, జుట్టంతా ఏమైపోయింది?" అని నవ్వింది. భర్త పోయాడట. కొడుకుకి పెళ్లయింది, అతను పడవ మీద వెళ్తున్నాడు. కొత్త చట్టాల సంగతి చెప్పాను. "ఆయ్, మంచిదే గదండీ" అంది. జరిగిందంతా రాస్తున్నాను, కొత్తవాళ్లు చదువుతారు అన్నాను.

"రాయండి. నేర్చుకుంటారు."

"నీ పేరు పెట్టే రాస్తానమ్మా. అంతమందికి మేలు చేసింది నువ్వు, నేను కాదు. ఇంతకాలం తర్వాత నిన్నెవరేం చేస్తారు?"

ఆవిడ మొహంలో నవ్వు పోయింది. లేచి, లోపల గది తలుపు దగ్గరగా వేసి వచ్చి, గొంతు తగ్గించింది.

"వద్దు బాబూ. మా కోడలెళ్లేది ఆ వ్యాన్లోనేనండి."

అందుకని పైన రాసింది ఆమె పేరు కాదు. ఆ ఊరు మొగల్తూరు వైపూ కాదు, ఫ్యాక్టరీ భీమవరం వైపూ కాదు. నేను పనిచేసినన్నాళ్లలో చూసిన చాలా ఊళ్లలో ఏదైనా కావచ్చు. ఎవరూ వెతకవద్దు. రేపు తెల్లవారుజామున ఆ వ్యాను అక్కడ ఆగాలి.